కొన్నాం సరే... మనదేనా?

చదివేసిన పుస్తకం పక్కింటికి ఇస్తాం. అన్న సైకిలు తమ్ముడికి వస్తుంది. మరి ఆడేసిన వీడియోగేమ్? దోస్తుకు ఇవ్వొచ్చా, సగం ధరకు అమ్ముకోవచ్చా, కిరాయికి తిప్పొచ్చా? చిన్న ప్రశ్నలే. కానీ వీటి మీద ప్రపంచంలో పెద్దపెద్ద కోర్టులే తలపట్టుకున్నాయి. పిల్లలకు గేములు కొనిచ్చే ప్రతి ఇంటికీ ఈ కథతో పనుంది.

ఇంటర్ పరీక్షలు అయిపోగానే ఆ పుస్తకాలు ఏమవుతాయి? హుజూరాబాద్ అయినా, పక్కనున్న జమ్మికుంట అయినా జవాబు ఒక్కటే. వెనక వచ్చే చుట్టాలబ్బాయికో, అదే వాడకట్టులోని అమ్మాయికో వెళ్తాయి. దగ్గరివాళ్లయితే ఉత్తినే, కాకపోతే సగం ధరకి. అక్క గౌను చెల్లికి, నాన్న గడియారం కొడుక్కి... ఒక వస్తువు నాలుగు చేతులు మారడం మనకు కొత్త కాదు. గంట కిరాయికి సైకిళ్లిచ్చే దుకాణాలు ఒకప్పుడు ప్రతి పట్నంలోనూ ఉండేవి. యద్దనపూడి, యండమూరి నవలల్ని రోజుకింత అని అద్దెకు తెచ్చుకుని చదివిన తరం ఇంకా మన ఇళ్లలోనే ఉంది. హైదరాబాద్‌లో ఆదివారం వచ్చిందంటే ఆబిడ్స్ ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలే!

ఇప్పుడు అవే ఇళ్లలోకి కొత్త వస్తువొకటి వచ్చింది. ప్లేస్టేషన్5 కోసం వచ్చే పెద్ద గేము కొత్తది కొనాలంటే ఐదువేల రూపాయలకు అటూఇటూగా పెట్టాలి. చిన్న పట్నంలో మధ్యతరగతి ఇంటికి అది తక్కువ సొమ్మేం కాదు. అందుకే పిల్లలు తెలివైన దారి కనిపెట్టారు. నలుగురు దోస్తులు తలా ఒక డిస్కు కొనడం, మార్చుకుని ఆడటం, అందరూ ఆడేశాక అమ్మేసి ఆ డబ్బుకు ఇంకొంచెం కలిపి కొత్తది తెచ్చుకోవడం. నోటుపుస్తకాలు ఇచ్చిపుచ్చుకున్నంత మామూలుగా జరిగిపోయే వ్యవహారం ఇది.

అదే గేమును ఇంటర్నెట్ నుంచి డౌన్‌లోడ్ చేసుకుని చూడండి. ఇంచుమించు అదే డబ్బు. అదే ఆట. కానీ దోస్తుకు ఇవ్వడానికి లేదు. అమ్మడానికి అసలే లేదు. ఎందుకిలా?

పాత క్యాసెట్ల కాలం

టీవీకి తగిలించి ఆడే గేములు మన పట్నాలకు ఎక్కువగా వచ్చింది 1990ల్లో. జపాన్ కంపెనీ నింటెండో 1983లో తెచ్చిన ఫ్యామికామ్ యంత్రమే వీటన్నిటికీ మూలం. సమురాయ్, మీడియా, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతో ఆ రకం పెట్టెలు మన బజార్లలో దొరికేవి. వాటిలో పెట్టే ప్లాస్టిక్ కార్ట్రిడ్జిని పిల్లలంతా 'క్యాసెట్' అనే పిలిచేవాళ్లు. మారియో, కాంట్రా... ఈ పేర్లు వింటే ఇప్పుడు నలభైల్లో ఉన్న నాన్నల ముఖాలు కూడా వెలిగిపోతాయి. 'ఒకే దాంట్లో 9999 ఆటలు' అని రాసుండే క్యాసెట్లు గుర్తున్నాయా? పెట్టి చూస్తే ఓ పదో పదిహేనో ఆటలు. మిగిలినవన్నీ అవే, పేర్లూ అంకెలూ మార్చి!

పెట్టె కొనలేని పిల్లల కోసం వీడియోగేమ్ దుకాణాలు వెలిశాయి. గంటకింత అని డబ్బులు తీసుకుని ఆడనిచ్చేవాళ్లు. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, ఆ దుకాణాలే నెట్ సెంటర్లయ్యాయి. క్యాసెట్ల స్థానంలోకి సీడీలు వచ్చాయి. వాటిలో అసలువెన్నో, నకిలీవెన్నో చెప్పడం కష్టం. కాపీరైట్ అన్న మాట అప్పట్లో పిల్లలకే కాదు, చాలామంది దుకాణదారులకూ పట్టేది కాదు.

కానీ చట్టం మాత్రం ఉంది. అదీ చాలా గట్టిగా ఉంది.

వంగర పెద్దాయన హయాంలో...

హుజూరాబాద్ పరిసరాల్లోని వంగర పీవీ నరసింహారావు పెరిగిన ఊరు. వయసు మీరాక కంప్యూటర్ నేర్చుకుని ప్రోగ్రాములు కూడా రాసిన నాయకుడాయన. విశేషమేంటంటే, కంప్యూటర్ ప్రోగ్రాముల అమ్మకం, అద్దెల మీద మన దేశంలో అంత కఠినమైన నిబంధన వచ్చింది ఆయన ప్రధానిగా ఉన్నప్పుడే.

1957 నాటి కాపీరైట్ చట్టాన్ని 1994లో సవరించారు. ఆ సవరణ 1995 మేలో అమల్లోకి వచ్చింది. ప్రోగ్రాము ప్రతిని అమ్మే హక్కు, అద్దెకిచ్చే హక్కు సొంతదారుకే ఉంటాయనీ, ఆ ప్రతి అంతకుముందు ఒకసారి అమ్ముడైనా సరే ఆ హక్కు పోదనీ అందులో రాశారు. వీడియోగేమ్ కూడా చట్టం దృష్టిలో కంప్యూటర్ ప్రోగ్రామే. ఆ వాక్యాన్ని అక్షరాలా చదివితే, మీరు డబ్బు పెట్టి కొన్న గేము సీడీని మరొకరికి అమ్మాలన్నా కంపెనీని అడగాల్సిందే!

పుస్తకాలకు ఈ బాధ లేదు. ఒకసారి బజార్లోకి వచ్చిన పుస్తకం ప్రతి మీద ప్రచురణకర్త పెత్తనం అక్కడితో సరి. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకం నిశ్చింతగా అమ్ముడవుతోందంటే కారణం అదే. మరి ప్రోగ్రాములకు ఎందుకింత పట్టింపు? పుస్తకాన్ని అద్దెకు తీసుకెళ్లినవాడు రాత్రికి రాత్రి దాన్ని అచ్చేసుకోలేడు. సీడీని మాత్రం క్షణాల్లో కాపీ కొట్టేయగలడు. 'అద్దె' పేరుతో జరిగేది నకళ్ల వ్యాపారమేనని కంపెనీల భయం. 1995 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందంలోనూ ప్రోగ్రాముల అద్దె మీద హక్కు సొంతదారుకు ఉండాలన్న షరతు ఉంది.

1999లో చట్టం మళ్లీ మారింది. 'అంతకుముందు అమ్ముడైనా సరే' అన్న మాటల్ని ప్రోగ్రాముల విషయంలో తీసేశారు. 'అద్దె' అన్నచోట 'వాణిజ్యపరమైన అద్దె' అని రాశారు. చూడటానికి నాలుగు మాటలే. కానీ వాటి విలువ 2021 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పుతో తెలిసింది. నిజానికది పన్ను కేసు. విదేశీ సాఫ్ట్‌వేర్‌ను కొని ఇక్కడ అమ్మే వ్యాపారులు చెల్లించే సొమ్ము రాయల్టీ కిందికి వస్తుందా రాదా అన్నది వివాదం. ఆ సందర్భంలోనే కోర్టు 1999 నాటి మార్పును ప్రస్తావించింది. డిస్కు లాంటి వస్తు రూపంలో కొన్న సాఫ్ట్‌వేర్‌ను మరొకరికి అమ్మడం, కాపీరైట్ సొంతదారు హక్కులోకి చొరబడటం కాదని తేల్చింది.

కిరాయి దగ్గరే చిక్కు

అమ్మకం సంగతి అలా ఉంటే, కిరాయి కథ వేరు. డబ్బు తీసుకుని గేము డిస్కుల్ని ఇంటికిచ్చి పంపే వ్యాపారం చేయాలంటే సొంతదారు అనుమతి ఉండాల్సిందే. అసలు డిస్కే కదా, బిల్లు కూడా ఉంది కదా అంటే కుదరదు.

సినిమాల విషయంలో ఈ సంగతి 2009లో ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. అక్కడి డీవీడీ లైబ్రరీ ఒకటి అమెరికాలో అమ్మిన అసలు డీవీడీల్ని తెప్పించి ఢిల్లీలో అద్దెకిచ్చేది. నకిలీలు కావు, దొంగ సరుకు అంతకన్నా కాదు. అయినా వార్నర్ బ్రదర్స్ కోర్టుకెక్కింది. అనుమతి లేకుండా అద్దెకివ్వడం హక్కుల ఉల్లంఘనేనని కోర్టు చెప్పింది. కాపీరైట్ నేరం రుజువైతే చట్టంలో రాసిన శిక్ష తక్కువేం కాదు. ఆర్నెల్ల నుంచి మూడేళ్ల దాకా జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల దాకా జరిమానా.

గంటల లెక్కన ఆడించే దుకాణాలదీ ఇబ్బందే. చాలా గేముల లైసెన్సు పత్రంలో 'సొంత వాడకానికి మాత్రమే, వ్యాపారానికి కాదు' అన్న షరతు ఉంటుంది. చిన్న అక్షరాల్లో ఉంటుంది కాబట్టి ఎవరూ చదవరు, అంతే!

అయితే చట్టం ఒక కిటికీ తెరిచే ఉంచింది. లాభాపేక్ష లేని గ్రంథాలయాలు, విద్యాసంస్థలు సక్రమంగా కొన్న ప్రోగ్రాము ప్రతిని లాభం కోసం కాకుండా ఇస్తే, అది వాణిజ్యపరమైన అద్దె కిందికి రాదని 2012 సవరణ స్పష్టంగా చెప్పింది. అంటే ఏ ఊరి గ్రంథాలయమైనా తల్చుకుంటే పుస్తకాల పక్కనే గేము డిస్కులూ పెట్టి సభ్యులకు ఇవ్వొచ్చన్నమాట. అమెరికాలో చాలా పబ్లిక్ లైబ్రరీలు ఆ పని చేస్తూనే ఉన్నాయి. మన దగ్గర ఆ ఆలోచన ఇంకా మొదలే కాలేదు.

నవలతో మొదలైన గొడవ

అమ్మేశాక కూడా వస్తువు మీద పెత్తనం చేయాలన్న కోరిక ఈనాటిది కాదు. అమెరికాలో బాబ్స్-మెరిల్ అనే ప్రచురణ సంస్థ 'ది కాస్ట్‌అవే' అనే నవలను అచ్చేసి, 'డాలరు కంటే తక్కువకు అమ్మితే కాపీరైట్‌ను ఉల్లంఘించినట్టే' అని లోపల ముద్రించింది. మేసీస్ దుకాణం దాన్ని 89 సెంట్లకే అమ్మేసింది. పదకొండు సెంట్ల గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది! ఒకసారి అమ్మిన పుస్తకాన్ని తర్వాత ఎవరు ఎంతకు అమ్ముకున్నా అడిగే హక్కు ప్రచురణకర్తకు లేదని 1908లో కోర్టు తీర్పిచ్చింది. 'మొదటి అమ్మకంతో హక్కు సరి' అన్న సూత్రానికి అదే పునాది.

వీడియోగేముల దగ్గరికి వచ్చేసరికి పోరు ముదిరింది. 1989లో నింటెండో, అమెరికాలో క్యాసెట్లు అద్దెకిచ్చే బ్లాక్‌బస్టర్ మీద దావా వేసింది. అద్దెను ఆపే దారి చట్టంలో లేదు. అందుకని, గేముతో వచ్చే సూచనల పుస్తకాన్ని జిరాక్సు తీసి ఇస్తున్నారన్న విషయాన్ని పట్టుకుంది! ఆ మరుసటి ఏడాది అమెరికా ప్రోగ్రాముల అద్దెను నిషేధిస్తూ చట్టం చేసింది కానీ, టీవీకి తగిలించి ఆడే గేములకు మినహాయింపు ఇచ్చింది. వాటిని ఇంట్లో కాపీ కొట్టడం అంత తేలిక కాదు కదా!

జపాన్‌లో గేము కంపెనీలు పాత గేముల దుకాణాల మీదే యుద్ధం ప్రకటించాయి. 2002 ఏప్రిల్‌లో అక్కడి సుప్రీంకోర్టు దుకాణదారుల పక్షానే నిలబడింది. ఒకసారి జనానికి అమ్మాక ఆ ప్రతి పంపిణీ మీద కంపెనీ హక్కు ముగిసినట్టేనని చెప్పింది.

కంపెనీల వాదనలో న్యాయమే లేదా అంటే... ఉంది. ఒక గేము తయారు కావడానికి వందలమంది ఏళ్ల తరబడి పనిచేస్తారు. పాత డిస్కు ఎన్ని చేతులు మారినా తయారుచేసినవాళ్లకు పైసా రాదు. ఈ పరిశ్రమ మనకు దూరమేం కాదు. 2009లో ప్లేస్టేషన్2 కోసం వచ్చిన 'హనుమాన్: బాయ్ వారియర్' గేమును తయారుచేసింది హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ సంస్థే. మన పిల్లలు ఎంతోమంది ఇప్పుడు ఆ రంగంలో ఉద్యోగాలు చేస్తున్నారు. అయితే ఇంకో లెక్కా ఉంది. పాతది అమ్మితేనే కదా కొత్తది కొనే కుర్రాడి చేతిలో డబ్బు ఆడేది!

ఇరవై సెకన్ల జవాబు

కోర్టుల్లో కుదరనిదాన్ని యంత్రంతో సాధించాలని చూశాయి కంపెనీలు. 2010లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ 'ఆన్‌లైన్ పాస్' తెచ్చింది. కొత్త డిస్కుతో వచ్చే కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు ఇంటర్నెట్‌లో ఆడాలంటే పది డాలర్లు మళ్లీ కట్టాలి. విమర్శలు వెల్లువెత్తడంతో 2013లో దాన్ని మానుకుంది.

అదే ఏడాది మైక్రోసాఫ్ట్ ఇంకో అడుగు ముందుకేసింది. కొత్త ఎక్స్‌బాక్స్ వన్ యంత్రం రోజుకోసారి ఇంటర్నెట్‌తో మాట్లాడాలంది. గేమును దోస్తుకు ఇవ్వాలంటే అతను కనీసం 30 రోజులుగా మీ స్నేహితుల జాబితాలో ఉండాలి. అదీ ఒకే ఒక్కసారి! ఎరువు ఇవ్వడం, అద్దెకివ్వడం మొదట్లో ఉండవని చెప్పేసింది. ప్రపంచవ్యాప్తంగా ఆటగాళ్లు మండిపడ్డారు.

పోటీ కంపెనీ సోనీ ఈ అవకాశాన్ని వదల్లేదు. జూన్‌లో 'ప్లేస్టేషన్4లో గేమును స్నేహితుడికి ఇవ్వడం ఎలా?' అంటూ ఇరవై సెకన్ల వీడియో విడుదల చేసింది. ఒకాయన డిస్కు పెట్టెను పక్కాయన చేతికిస్తాడు. ఆయన థాంక్స్ చెబుతాడు. అంతే, అయిపోయింది! జూన్ 19న మైక్రోసాఫ్ట్ వెనక్కి తగ్గింది. కొనేవాళ్లు గట్టిగా అడిగితే ఎంత పెద్ద కంపెనీ అయినా వింటుందనడానికి ఇదో ఉదాహరణ.

డిస్కు పోయి... అనుమతి వచ్చె!

ఆ గెలుపు ఎన్నాళ్లో నిలవలేదు. డిస్కు మీద తాళం వేయలేకపోతే, డిస్కే లేకుండా చేస్తే పోలా? 2020 చివర్లో డిస్కు పెట్టే చోటే లేని ప్లేస్టేషన్5 డిజిటల్ ఎడిషన్, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ వచ్చాయి. కాస్త తక్కువ ధర చూసి కొనేవాళ్లు ఒక సంగతి మర్చిపోతారు. ఆ యంత్రం కొన్నాక పాత డిస్కు కొనడం, దోస్తు దగ్గర తెచ్చుకోవడం, ఆడేసి అమ్మడం... అన్నీ బంద్. ప్లేస్టేషన్5కు డిస్కు డ్రైవ్‌ను విడిగా కొని తగిలించుకునే వీలు ఆ తర్వాత వచ్చిన నమూనాలకే ఉంది.

డౌన్‌లోడ్‌లో మనం కొనేది వస్తువును కాదు, వాడుకునే అనుమతిని మాత్రమే. అనుమతిని ఇచ్చినవాళ్లు తీసుకోనూ గలరు. 2009 జులైలో అమెజాన్, తన కిండిల్‌లో కొందరు డబ్బు పెట్టి కొనుక్కున్న పుస్తకాల్ని వాళ్లకు చెప్పకుండానే తుడిచేసింది. అమ్మినవాళ్లకు హక్కులు లేవన్నది కారణం. డబ్బు తిరిగిచ్చింది, తర్వాత క్షమాపణా చెప్పింది. మాయమైన వాటిలో ఒకటి జార్జ్ ఆర్వెల్ '1984' కావడం వింత! 2014లో వచ్చిన 'ది క్రూ' అనే కార్ల గేము సర్వర్లను యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసింది. దాంతో డిస్కు కొన్నవాళ్ల చేతిలో మిగిలింది ప్లాస్టిక్ ముక్కే.

డౌన్‌లోడ్ గేమును తిరిగి అమ్ముకునే హక్కు కోసం ఫ్రాన్స్‌లో వినియోగదారుల సంఘం ఒకటి కోర్టుకెళ్లింది. స్టీమ్ అనే గేముల దుకాణం నడిపే వాల్వ్ సంస్థ మీద 2019లో గెలిచింది కూడా. కానీ 2022లో పై కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. 2024లో అత్యున్నత న్యాయస్థానం కూడా కంపెనీ పక్షమే వహించింది. అమెరికాలోని కాలిఫోర్నియా ఇంకో దారి పట్టింది. ఇస్తున్నది అనుమతి మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అన్న మాట వాడకూడదని చట్టం చేసింది. 2025 జనవరి నుంచి అది అమల్లో ఉంది.

ఇవన్నీ పెద్దపెద్ద దేశాల గొడవలని కొట్టిపారేయలేం. మన పిల్లలు ఎక్కువగా ఆడేది ఫోన్లలోనే. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ను, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను కేంద్రం నిషేధించినప్పుడు ఏమైంది? తుపాకీ రంగులకూ, బొమ్మల దుస్తులకూ పిల్లలు పెట్టిన డబ్బు అక్కడే చిక్కుకుంది. వాటిని తీసి పెట్టెలో దాచుకునే వీల్లేదు, ఇంకొకరికి అమ్మే వీల్లేదు. కొందరు పిల్లలు 'ఐడీ'నే అమ్మేస్తుంటారు. చాలా గేముల నిబంధనలు దీన్ని ఒప్పుకోవు. తెలిస్తే ఖాతానే మూసేస్తారు. డబ్బులు తీసుకుని పాస్‌వర్డ్ ఇవ్వనివాళ్లు, ఇచ్చాక మళ్లీ లాక్కునేవాళ్లు అదనం. అలా మోసపోయిన పిల్లలు ఇంట్లో చెప్పుకోలేక లోలోపలే కుమిలిపోతారు.

కొనేముందు చూసుకోండి!

* యంత్రం కొనేటప్పుడే డిస్కు పెట్టే వీలుందో లేదో చూడండి. ఆ రోజు మిగిలే డబ్బు, తర్వాత ఒకటి రెండు పాత డిస్కుల దగ్గరే లెక్క తేలిపోవచ్చు.

* అసలు డిస్కును దోస్తుకు ఉత్తినే ఇవ్వడానికి ఏ అభ్యంతరమూ లేదు. అక్కర్లేనప్పుడు అమ్ముకోవచ్చు కూడా. బిల్లు, పెట్టె దాచిపెడితే మంచి ధర వస్తుంది. కాపీ తీసి ఉంచుకుని అసలుది అమ్మేస్తే మాత్రం తప్పే.

* పాత డిస్కు కొంటుంటే గీతలు పడ్డాయేమో చూడండి. ఒక్కసారే పనిచేసే కోడ్‌లు అప్పటికే వాడేసి ఉంటాయి. అదనపు హంగులు వస్తాయని ఆశపడొద్దు.

* పెట్టె మీద 'డౌన్‌లోడ్ అవసరం', 'ఇంటర్నెట్ తప్పనిసరి' అన్న మాటలున్నాయేమో వెతకండి. ఉంటే ఆ డిస్కు ఎన్నాళ్లు పనిచేస్తుందన్నది కంపెనీ చేతిలో ఉన్నట్టే.

* డౌన్‌లోడ్ గేములనూ ఇంట్లోవాళ్లు పంచుకునే దారులున్నాయి. స్టీమ్‌లో ఒకే ఇంట్లోని ఆరుగురి దాకా ఒక కుటుంబంగా చేరొచ్చు. నింటెండో 2025లో తెచ్చిన పద్ధతిలో కుటుంబ సభ్యులకు గేమును రెండు వారాలు ఎరువు ఇవ్వొచ్చు.

* ఐడీలు కొనడం, అమ్మడం వద్దని పిల్లలకు ముందే చెప్పండి. తిట్టి కాదు, కారణం చెప్పి.

ఆటను డిస్కులో కొనాలా, డౌన్‌లోడ్ చేసుకోవాలా అన్నది ఎవరిష్టం వారిది. డౌన్‌లోడ్‌లో సుఖం ఉంది. దుకాణానికి వెళ్లక్కర్లేదు, గీతలు పడతాయన్న భయం లేదు, తగ్గింపు ధరలూ వస్తుంటాయి. కాకపోతే తెరమీద 'కొనండి' అన్న మీట నొక్కేముందు పిల్లల్ని ఒక్క ప్రశ్న అడగండి. 'ఆడేశాక దీన్ని తమ్ముడికి ఇవ్వొచ్చా?' ఇవ్వొచ్చు అంటే కొంటున్నట్టు. కుదరదు అంటే... కిరాయి కడుతున్నట్టు. అలాంటప్పుడు కిరాయికి తగ్గ ధరే ఇస్తున్నామా అన్నది చూసుకోవాల్సింది మనమే!